పెంటయ్య ఎందుకు నవ్వాడు

అమరచింత కుస్తీల్లో వెల్లకిలా పడుతూ పెంటయ్య ఎందుకు నవ్వాడు? ఇరవై ఎనిమిదేళ్లుగా కురుమూర్తికి తీరని సందేహం ఇది. ఆ రోజు గెలిచిన వెండి కడియం ఇప్పటికీ అతని కుడిచేతికే ఉంది. కానీ పెంటయ్య తనమీద జాలిపడి ఓడిపోయాడేమో, ఈ కడియం తన కష్టం కాదేమో అని రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుణ్ణి అడిగేవాడు. దేవుడు ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు.

ఆ ఉదయం మాత్రం కురుమూర్తి బెంగ వేరు. కూతురు వీణకు పదిగంటలకు వనపర్తిలో కుస్తీ ఎంపికలు. తండ్రి స్వయంగా వచ్చి సంతకం పెట్టకపోతే పిల్లను బరిలోకి దించరు. గద్వాలలో ఎనిమిదింబావు బస్సు తప్పితే అంతే. అందుకని మగ్గానికి దండం పెట్టుకుని, కాగితాలు రెండుసార్లు చూసుకుని, ఏడింటికే చెప్పులు గుమ్మం ముందు సిద్ధంగా పెట్టాడు. సరిగ్గా అప్పుడే పెంటయ్య వచ్చాడు. మెడపట్టు నేర్పిపొమ్మని వీణే అయిజలో ఉన్న అతనికి ఫోన్ చేసిందట. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

"పది నిమిషాల పని తమ్మీ. చూపిచ్చి పోత," అన్నాడు పెంటయ్య.

కురుమూర్తీ పెంటయ్యా వాకిట్లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఒక చెయ్యి ఎదుటివాడి మెడ వెనక వెయ్యాలి. రెండోది చంక కిందుగా దూర్చి పైకెత్తాలి. నుదురు అతని భుజానికి ఆనించి, మోచేతులు బయటికి పోకుండా చూసుకోవాలి. మెడా చంకా చేతికి దొరికితే మనిషి దొరికినట్టే అని పెంటయ్య చెబుతుంటే కురుమూర్తి అతనికి ఆ పట్టు వేశాడు. వీణ శ్రద్ధగా చూసింది. అర్థమైందని కూడా అంది. ఇక విడిపోవడమే మిగిలింది.

విడిపోలేదు. కడియం కొస పెంటయ్య మెడలోని తాయెత్తు దారంలో చిక్కుకుంది. కురుమూర్తి చెయ్యి లాగితే దారం గొంతుకు బిగిసింది. పెంటయ్య అదిరిపడి చంక మూసేశాడు. కురుమూర్తి రెండో చెయ్యి అందులో ఇరుక్కుపోయింది. అది కొంచెం కదిలినప్పుడల్లా పెంటయ్య ఒళ్లంతా వణికింది.

ఎదురింటి సుగుణమ్మ వాకిలి ఊడుస్తూ ఇది చూసింది. కురుమూర్తి భుజంలో పెంటయ్య దాచుకున్న మొహం, ఎగిరెగిరి పడుతున్న వీపు, చెంపల మీద నీళ్లు. పాత కుస్తీ పగ తిరగబెట్టిందనీ, పాపం ఆ పెద్దమనిషి మెడ పిసుకుతుంటే ఏడుస్తున్నాడనీ వీధంతా చెప్పింది. నలుగురు పరుగున వచ్చి ఇద్దరిద్దరుగా చెరోవైపు నడుం పట్టి లాగారు. లాగినకొద్దీ దారం బిగిసింది, పెంటయ్య వణుకూ పెరిగింది. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు. ఇంకొకరు పోలీసులకు చేశారు.

కురుమూర్తి భార్య భూలక్ష్మి కత్తెర తెచ్చింది.

"వద్దమ్మా," అన్నాడు పెంటయ్య ఎగశ్వాసతో. "బోరుల నీళ్లు పడేదాక దారం తియ్యనని మొక్కిన."

"కత్తెర లోపల పెట్టు," అన్నాడు కురుమూర్తి భార్యతో. "దేవుని దారం నా ఇంట్ల తెగొద్దు."

"అయితే కడియమే తియ్యరాదు?"

గెలిచిన కడియాన్ని వీధంతా చూస్తుండగా తియ్యాలా అనుకున్నాడు కురుమూర్తి.

"నాయినా, ఎనిమిదైంది," అంది వీణ. ఆమె గొంతులో కోపం కూడా లేదు. అందుకే కురుమూర్తికి ఎక్కువ భయం వేసింది. అంతలో చెవి పక్కన సన్నని చప్పుడు వినిపించింది. ఇరవై ఎనిమిదేళ్లుగా మరచిపోని చప్పుడు.

"నవ్వుతున్నవా పెంటన్నా?"

"చంకల చెయ్యి కదపకు తమ్మీ, నీకు దండం పెడత. కితకితలైతున్నయి."

కురుమూర్తి చెయ్యి కదపకుండా అడిగాడు. "గప్పుడు అమరచింతల గూడ గిదేనా?"

"గిదే."

"ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"కితకితలకు పడ్డనని ఎవనికి చెప్పుకోవాలె?"

జాలి కాదన్నమాట. అలాగని తన బలమూ కాదు. ఇలా వచ్చినదాన్ని గెలుపనవచ్చా? ఈసారి కురుమూర్తి దేవుణ్ణి అడగలేదు.

"కొబ్బరినూనె తే," అన్నాడు భార్యతో.

భూలక్ష్మి మణికట్టుకు నూనె రాసి మెలిపెట్టింది. చర్మం గీరుకుపోయింది గానీ కడియం జారి వచ్చింది. ఇద్దరూ చెరోవైపు కూలబడ్డారు. పెంటయ్య దారం విప్పకుండానే చిక్కు తీసి, కడియం తుడిచి తిరిగి ఇవ్వబోయాడు.

"నీ సొమ్మే అన్నా. ఇన్నేండ్లు నా చేతికున్నది," అని కురుమూర్తి దాన్ని పెంటయ్య చేతికే తొడిగాడు.

అప్పుడే పోలీసు జీపు వచ్చింది. కొట్టిందెవరు, దెబ్బలు తిన్నదెవరు అని కానిస్టేబులు అడిగాడు. పెంటయ్య నవ్వు ఆగక ఏమీ చెప్పలేకపోయాడు. బస్సుకు ఏడు నిమిషాలే ఉందని వీణ చెప్పింది. కానిస్టేబులు గడియారం చూసుకుని, తండ్రీకూతుళ్లను జీపులో బస్టాండులో దింపాడు. పోలీసు జీపులో పోతున్న కురుమూర్తిని చూసి సుగుణమ్మ తను చెప్పిందే నిజమైందనుకుంది.

వీణ ఎంపికైంది. ఓడిన పిల్ల నవ్వుతూ పడిందని అక్కడ అందరూ వింతగా చెప్పుకున్నారు. ఎందుకు నవ్విందని కురుమూర్తి మాత్రం అడగలేదు.