ఓనర్ చేంజ్

సోమవారం పొద్దున వంట ముగించి, జాన్‌బీ అద్దం ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకుంటోంది. పాఠం రాసిచ్చింది కూతురు ఫాయిజా. నోటుపుస్తకం కాగితం మీద, తెలుగు అక్షరాల్లో, పది ఇంగ్లీషు వాక్యాలు. "గుడ్ మార్నింగ్ మేడమ్, వాట్ డు యు వాంట్?" దగ్గర మొదలై "థాంక్యూ, కమ్ అగైన్" దగ్గర ముగుస్తాయి.

"అమ్మీ, ఆ 'వాంట్' కాస్త మెత్తగా అను. కొట్లాటకు పిలిచినట్టుంది," అంది ఫాయిజా.

"చీరలు చూపించే దానికి ఇంగ్లీషేందే, నా ఖర్మ కాకపోతే!" అని కాగితం మడిచి రవికెలో దోపుకుంది జాన్‌బీ.

నరసరావుపేట త్రికూట వస్త్రాలయంలో ఆమె పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. ఎవరింట్లో ఏ శుభకార్యం ఉందో, ఏ కోడలికి ఏ రంగు నప్పదో ఆమెకు కొట్టినపిండి. సగం చీరలు ఆమె చేతులు అమ్మితే సగం నోరు అమ్మేది. యజమాని త్రికోటేశ్వర గుప్తాగారూ మంచివారే. కానీ ఈమధ్య గుంటూరు రోడ్డులో అద్దాల మాల్ ఒకటి వెలిసింది. అక్కడి ఆడపిల్లలు ఇంగ్లీషులో పలకరిస్తుంటే చూసొచ్చిన గుప్తాగారికి అన్నం సహించలేదు. సోమవారం నుంచి కౌంటర్లలో ఇంగ్లీషు తప్ప వినపడకూడదని చాటించారు. తెలుగు మాట దొర్లితే ఒక తప్పు. రోజులో మూడు తప్పులు చేసినవాళ్ళు ఇక పై అంతస్తు గోడౌనులో మడతలు పెట్టుకోవడమే. మాటలు కూడా పట్టే కెమెరాలు బిగించారు.

"ఇట్టా రూలు పెట్టొచ్చా సార్ అసలు? చట్టం ఒప్పుతుందా?" అని లుంగీల కౌంటర్ ఏసయ్య గొణిగాడు.

"చట్టం సంగతి నాకు తెలవదు. షాపు నాది," అన్నారు గుప్తాగారు, తెలుగులోనే.

జాన్‌బీకి మడతలంటే భయం లేదు. గోడౌనుకు మనుషులు రారు. మనుషులు లేనిచోట పొద్దస్తమానం నోరు మూసుకుని ఎలా బతకాలన్నదే ఆమె బెంగ.

షాపు తెరిచిన గంటలోనే రెండు తప్పులు పడ్డాయి. సొరుగులో వేలు నలిగి "అబ్బా" అన్నది ఒకటి. తూలిపడబోయిన పసిపిల్లను చూసి "పట్టుకో తల్లీ" అన్నది రెండు. పదింటికి గుప్తాగారు కొత్తగా కుట్టించుకున్న కోటు తొడుక్కుని రావడానికి టైలరు దగ్గరికి బయలుదేరారు. పోతూ పోతూ ఫోను చూపించి చెవి ముట్టుకున్నారు. వింటుంటానని అర్థం. ఆ ఫోను దారిలోనే ఛార్జింగ్ అయిపోయి పడుకుందని జాన్‌బీకి తెలియదు.

అప్పుడొచ్చింది నాగరత్నమ్మ. వినుకొండ నుంచి బస్సు దిగి, చేతికర్రతో మెట్లెక్కి, అలవాటుగా జాన్‌బీ ఎదురుగా కూలబడింది. మనవరాలు సాహితి పెళ్ళికి చీర తీసుకోవాలి.

"గుడ్ మార్నింగ్ మేడమ్. వాట్ డు యు వాంట్?"

నాగరత్నమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అంటోందేమోనని. "ఏందే జాన్‌బీ, ఒంట్లో బాగాలేదా? మంచినీళ్ళు గూడా ఇయ్యవే? గుప్తా ఏడి?"

యజమాని బట్టలు మార్చుకోవడానికి వెళ్ళారని చెప్పాలి. కాగితంలో ఆ వాక్యం లేదు. జాన్‌బీ కెమెరా వైపు చూసి, తెలిసిన మాటలన్నీ కూడగట్టింది.

"ఓనర్... చేంజ్, మేడమ్."

"ఓనర్ మారాడా?" ముసలామె గుండె మీద చెయ్యేసుకుంది.

"యస్ మేడమ్. న్యూ కోటు, టై. టెన్ మినిట్స్ కమింగ్."

నాగరత్నమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయి. కర్ర పట్టుకుని బయటికి నడిచింది. జాన్‌బీకి ఏం జరిగిందో అర్థం కాలేదు. వెంటపడి పిలుద్దామంటే పిలుపు తెలుగులో ఉంది.

షాపు మెట్ల పక్కనే మిషను వేసుకుని చీరలకు ఫాల్ కుట్టే నాగూర్ వలి అంతా విన్నాడు. "షాపు అమ్మేశారా? నాకు చెప్పకుండానా?" అని రూఢి చేసుకోవడానికి లోపలికొచ్చి ఏసయ్యను పట్టుకున్నాడు.

"అన్నా, అమ్మేశారంటగా?"

ఆ పొద్దునే గళ్ళ లుంగీల పెట్టె మొత్తం అమ్ముడుపోయింది. అది అడుగుతున్నాడనుకుని ఏసయ్య సంబరంగా, "యస్! ఫుల్ సోల్డ్!" అన్నాడు.

అరగంటలో బజారంతా పాకింది. గిన్నెల కొట్టు వాళ్ళొచ్చారు, కిరాణా వాళ్ళొచ్చారు. పాత ఖాతాదారులు ఆఖరిసారిగా ఒక్క చీరైనా కొని పెట్టుకుందామని వరస కట్టారు. ఎవరేం అడిగినా షాపులోవాళ్ళు తలలు వంచుకుని "సారీ," "థాంక్యూ" అంటున్నారు. అంత దుఃఖంలో ఉన్నారని జనం మరింత జాలిపడ్డారు.

"నీ సంగతేందక్కా మరి?" అన్నాడు నాగూర్ వలి జాన్‌బీతో.

ఇంకొక్క తప్పు చేస్తే గోడౌనే గతి అని చెప్పబోయి ఆమె పైకి వేలు చూపించింది. "వన్ మిస్టేక్... ఐ గో అప్."

"పైకి పోవడమేందక్కా! పెళ్ళికావాల్సిన పిల్లుంది నీకు!" అని అతను గొల్లుమన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె చెరో చెయ్యీ పట్టుకుని కూర్చోబెట్టారు.

సరిగ్గా అప్పుడు గుప్తాగారు దిగారు. నల్ల కోటు, ఎర్ర టై, రంగేసిన జుట్టు, నల్ల కళ్ళద్దాలు. రూలు పెట్టిన మొదటి రోజే ఇంత జనమా అని ఛాతీ పొంగించి మెట్లెక్కారు. అప్పటిదాకా మెట్ల మీదే కూలబడి ఉన్న నాగరత్నమ్మ లేచి, గుమ్మంలో కర్ర అడ్డం పెట్టింది. ఆమెకు ఒక కంటికే ఆపరేషనైంది. రెండో కంట్లో ఇంకా మసకే.

"నువ్వేనా నాయనా, ఈ షాపు కొత్త యజమానివి?"

షాపంతా తనవైపే చూస్తోంది. రూలు తనే తప్పితే ఎలా? గుప్తాగారు టై సర్దుకున్నారు. "యస్. ఐ యామ్ ఓనర్."

"అయితే విను. పదేళ్ళ కిందట నా బిడ్డ పోయింది. ఆఖరి చీర కోసమని ఈడికొచ్చా. నాకు నోట మాట రాలా. ఏం గావాలని గుప్తా అడగలా. ఆ జాన్‌బీయే నా బిడ్డకి ఇష్టమైన చీర వెతికి తీసింది. ఆయన షాపు కట్టేసి, నా చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా నడిపించాడు. ఇప్పుడా బిడ్డ కూతురికే పెళ్ళి. వాళ్ళ చేత్తోనే చీర తీసుకుందామని వస్తే వాళ్ళ నోళ్ళు గూడా కొనేశావంట గదయ్యా! నువ్వు చెప్పు బాబూ, నీ ఇంగిలీషులోనే చెప్పు. నా బిడ్డకి ఏ రంగంటే ఇష్టం?"

గుప్తాగారు టై ముడి వదులు చేసుకుని జాన్‌బీ వైపు చూశారు.

జాన్‌బీ చేతులు విడిపించుకుని లేచింది. కెమెరా వైపు చూడలేదు.

"వంకాయరంగు పెద్దమ్మా," అంది. "సన్న జరీ అంచు. పెద్ద అంచైతే బరువంటది మన సుశీలకి. సాహితికీ అట్టాంటిదే తీసి పక్కన పెట్టా, పోయిన వారమే."

నాగరత్నమ్మ ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చింది. జాన్‌బీ ఆమె వీపు నిమురుతూ, పొద్దుటి నుంచి బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారే ఆడింది. ప్రయాణం ఎట్టా జరిగింది, మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి, పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, నీళ్ళు తాగు పెద్దమ్మా, ముందు నీళ్ళు తాగు.

గుప్తాగారు కళ్ళద్దాలు తీశారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "నేనే పెద్దమ్మా. కోటేశుని," అన్నారు మెల్లగా.

ముసలామె దగ్గరికొచ్చి, టై పట్టుకుని లాగి, మంచికంటితో మొహం పరకాయించి చూసింది.

"ఓరి నీ దుంపదెగ! నీ షాపు నువ్వే కొనుక్కున్నావంట్రా?"

బజారంతా నవ్వింది. నవ్వులు సద్దుమణిగాక జాన్‌బీ భయంభయంగా మెట్ల వైపు నడిచింది. "మూడో తప్పు అయింది సార్. పైకి పోతా."

"ఆగమ్మా," అన్నారు గుప్తాగారు. "ఆ మాలు చూసి బెదిరా. మనం చిన్నబోతామనుకున్నా."

"ఇంగ్లీషు నేర్చుకోమంటే నేర్చుకుంటాం సార్. దాంతో పనిబడ్డ కాడ అదే మాట్లాడతాం. ఉన్న నోటికి తాళమేసి మాట్లాడమంటే ఎట్టా?"

గుప్తాగారు కోటు విప్పి హ్యాంగరుకు తగిలించి, స్వయంగా మంచినీళ్ళు తెచ్చి నాగరత్నమ్మకు ఒక గ్లాసు, జాన్‌బీకి ఒక గ్లాసు ఇచ్చారు. రూలు ఆ పూటతోనే పోయింది.

మర్నాడు పొద్దున్నే, ఆఖరిసారని ఆత్రపడి చీరలు కొన్నవాళ్ళు ఇరవై మంది దాకా వాటిని వాపసు ఇవ్వడానికి వచ్చారు. వాళ్ళతో మాత్రం గుప్తాగారు ఇంగ్లీషులోనే మాట్లాడారు: "నో రిటర్న్."