వచ్చిన దారినే వెళ్ళగలరు

ఆ ఆదివారం పొద్దున్న లక్ష్మీనరసింహం మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. వియ్యంకుడికి ఫోన్ చేసి, కూతురి నిశ్చితార్థానికి మర్యాదగా పిలవాలి. తర్వాత పెద్దబజారుకు వెళ్ళి పట్టుపంచె తెచ్చుకోవాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరి ఓ కునుకు తీయవచ్చని కూడా అనుకున్నారు.

మాస్టారు ఒడిశాలోని బరంపురంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒక పక్క ఒడియా, ఇంకో పక్క ఇంగ్లీషు, మధ్యలో తెలుగు నలిగిపోతోందని ఆయనకు తీరని దిగులు. కూతురు అన్విత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. అచ్చు శుభలేఖలు ఎందుకని, ఇంటర్నెట్‌లో తనే ఒక ఆహ్వానం తయారు చేసింది. మొదటి పేజీలో పిలుపు, రెండో పేజీలో మండపానికి దారి. రెండు పేజీల అడుగునా, వెనక్కి వెళ్ళడానికి నొక్కే లింకు మీద మాత్రం ‘బ్యాక్’ అని ఇంగ్లీషులో ఉంది. అది చూడగానే మాస్టారికి కంట్లో నలుసు పడ్డట్టయింది.

“పిలుపంతా తెలుగులో రాసి, చివర ఇంగ్లీషెందుకే?”

“సరే, నువ్వే చెప్పు నాన్నా. అది నొక్కితే ఎవరు ఏ పేజీ నుంచి వచ్చారో మళ్ళీ ఆ పేజీకే వెళ్తారు. దానికి తగ్గట్టు ఏదైనా రాసివ్వు.”

మాస్టారు రెండు రోజులు ఆలోచించారు. ‘వెనుకకు’ అంటే మరీ పొడిగా ఉంది. ‘మరలుడు’ అంటే ఎవరికీ అర్థం కాదు. చివరికి అర్థమూ మర్యాదా రెండూ కుదిరాయనుకుని రాసిచ్చారు: ‘వచ్చిన దారినే వెళ్ళగలరు.’ అన్విత ఏదో అనబోయి, ఆయనతో వాదించే ఓపిక లేక అలాగే పెట్టేసింది.

వియ్యంకుడు వైకుంఠరావుది పురుషోత్తంపూర్‌లో విత్తనాల వ్యాపారం. వియ్యాలవారికి వాట్సాప్‌లో పంపడం మర్యాద కాదని మాస్టారే ఫోన్ చేసి, ఆ వెబ్ చిరునామాను ఒక్కొక్క అక్షరమే చెప్పారు.

“ఉండండి బావగోరు, స్పీకర్లో ఎట్టినాను. ఇక్కడేదో తెరిసుంది. మూసుకోడం లేదు. దీనిమీదే కొట్టేత్తాను,” అన్నాడు వైకుంఠరావు. కాసేపటికి, “ఒచ్చింది బావగోరు. నాను ఒడియాలో సదివినోడిని గదా, మా అక్క సదువుతాది,” అని ఫోన్ పక్కకు ఇచ్చాడు.

వాళ్ళక్క అప్పలనర్సమ్మ చిన్నప్పుడు ఇచ్ఛాపురంలో మేనమామగారింట్లో ఉండి ఐదో తరగతి దాకా తెలుగు చదివింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. ఆవిడ పిలుపును గొంతెత్తి చదువుతుంటే, తన వాక్యాలు తనే వింటూ మాస్టారు ఇవతల పొంగిపోయారు. ఉన్నట్టుండి ఆ గొంతు ఆగింది.

“ఏటి తమ్ముడూ ఇది? పేరంటానికి పిలిసి, కింద ఒచ్చిన దార్నే ఎల్లిపొమ్మని రాసినారు.”

“అయ్యయ్యో, మిమ్మల్ని కాదమ్మా. ఆ మాట మీద ఒక్కసారి నొక్కి చూడండి, మీకే తెలుస్తుంది.”

నొక్కినట్టుంది. ఆవిడ గొంతు మారింది.

“మాస్టరుగోరూ, మీకు ఎంతమంది ఆడపిల్లలు?”

“ఒక్కతేనండి.”

“మరి ఈ పసుపు సీర పిల్లెవురు?”

“పసుపు చీరా?”

“ఊరు భంజనగరంట. ఎమ్మెస్సీ అంట. వంట బాగా వొచ్చని కూడా రాసుంది.”

“మా ఆహ్వానంలో భంజనగర్ లేదమ్మా. మండపం బరంపురంలోనే.”

“ముందొక పిల్లని సూపించి, దానెనకాల ఇంకో పిల్లని దాసినారు. ఇది ఫోన్లో తేలేది కాదు. ఒత్తన్నాం,” అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఈ గొడవంతటిలో వైకుంఠరావు గొంతు ఒక్కసారీ వినిపించలేదు.

అన్విత చూస్తే టైలర్ దగ్గరికి వెళ్ళింది. ఫోన్ ఎత్తడం లేదు. మాస్టారు తన ఫోన్‌లో ఆహ్వానం తెరిచి, తనే ఆ లింకు నొక్కారు. పసుపు చీర పిల్ల రాలేదు. మోకాళ్ళ నొప్పులకు నువ్వుల నూనె వచ్చింది. కళ్ళు నులుముకుని, ఆహ్వానం మళ్ళీ తెరిచి నొక్కారు. మళ్ళీ నూనే.

ఇలా కాదని భార్య హైమవతి ఫోన్ తీసుకుని, అందులోనూ చిరునామా కొట్టి, లింకు నొక్కారు. ఈసారి గురక తగ్గించే దిండు వచ్చింది.

“హైమా, మన పిల్ల నిశ్చితార్థంలో దిండెందుకుంది?”

“ఏమో, నాకేం తెలుసు,” అని హైమవతి ఫోన్ లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తన ఫోన్‌లో నూనె, భార్య ఫోన్‌లో దిండు, వియ్యంకుడి ఫోన్‌లో భంజనగర్ పిల్ల. ఈ మూడింటికీ పొంతన ఏమిటో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. పిలిచిన వాళ్ళందరి ఫోన్లలో ఇంకా ఏమేం వస్తున్నాయోనని తలచుకుంటే ఆయనకు చెమటలు పట్టాయి.

ఇంతలో కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. ముందు అప్పలనర్సమ్మ దిగింది. ఆవిడ వెనక వైకుంఠరావు, పెళ్ళికొడుకు మనీష్ దిగారు. “పోన్లే అక్కా, ఒగ్గేద్దారి. ఏదో మిషను తప్పు,” అని వైకుంఠరావు నసుగుతూనే ఉన్నాడు. అప్పలనర్సమ్మ కుర్చీలో కూర్చుంది కానీ, హైమవతి ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

“ఈ పిల్లెవురో సెప్తే, మేము కూకోవాలో ఎల్లాలో మాకు తెలుస్తాది,” అంటూ తమ్ముడి ఫోన్ మాస్టారి ముందు పెట్టింది. తెర మీద పసుపు చీర పిల్ల చక్కగా నవ్వుతోంది.

అప్పుడే జాకెట్ల సంచితో అన్విత లోపలికి వచ్చింది. సంగతంతా విని, వైకుంఠరావు ఫోన్ చూసి, ఒక్క క్షణం తటపటాయించింది.

“నాన్నా, నీ ఫోన్‌లో నూనె వచ్చిందన్నావు. పొద్దున్న నువ్వు చదువుతున్నది అదే కదా?”

“అవును.”

“ఆ లింకు మనం పెట్టిన పేజీకి తీసుకెళ్ళదు. ఆ ఫోన్‌లో అంతకుముందు ఏ పేజీ చూస్తున్నారో, అక్కడికే తీసుకెళ్తుంది.”

ఆ మాట గదిలో ఒక్కొక్కరికీ ఒక్కోసారి అర్థమైంది. మాస్టారు భార్యవైపు చూశారు. హైమవతి గోడవైపు చూసింది. అందరికంటే ఆఖర్న అప్పలనర్సమ్మకు వెలిగింది. ఆవిడ మెల్లగా తమ్ముడివైపు తిరిగింది.

“ఈ ఫోను నీదే గదా తమ్ముడూ?”

“భుల్ హెయిగలా అక్కా. తప్పయిపోనాది బావగోరు,” అన్నాడు వైకుంఠరావు తల దించుకుని. “మనీష్ కోసం ఒక పెళ్ళిళ్ళ సైట్లో డబ్బు కట్టి చేరినాం. సమ్మందం కుదిరిపోనాది గానీ గడువు ఇంకా ఉండిపోనాది. ఊరకే పోతాది గదాని పొద్దున్నే ఓసారి సూత్తన్నాను. పేపరు సూసినట్టు.”

కానీ అన్విత ముఖం బిగుసుకుపోయింది. ఆమె మనీష్‌వైపు చెయ్యి చాపింది.

“మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?”

మనీష్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ జేబులోంచి తీశాడు గానీ వెంటనే ఇవ్వలేదు. అది చూసి మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇందులోనూ ఏ నీలం చీరో, ఎర్ర చీరో వస్తే ఈ పెళ్ళి ఇక్కడితో సరి. మనీష్ నేల చూపులు చూస్తూ ఫోన్ ఇచ్చాడు. ఆహ్వానం తెరిచే ఉంది. అన్విత లింకు నొక్కింది.

“అ. అ అంటే అరటిపండు. ఆ. ఆ అంటే ఆవు,” అని ఓ చిన్నపిల్ల గొంతు ఇల్లంతా మోగింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

“నాకు తెలుగు మాటలాడ్డం వొచ్చు గానీ సదవడం రాదండి,” అన్నాడు మనీష్ ఆ గొంతును ఆపబోతూ. “మావయ్యగారు రాసింది ఒకరిసేత సదివించుకోడం బాగోదని నేర్సుకుంతన్నాను. ఈ పిలుపులో ఓ అక్షరం సూసి, మళ్ళీ ఆ పాఠంలోకెల్లి పోల్చుకుంతన్నాను. ‘ఖ’ దాకా ఒచ్చాను. దానికి ఈ లింకు బాగా పనికొత్తంది.”

అన్విత ముఖంలో బిగువు సడలిపోయింది. ఫోన్ తిరిగి ఇస్తూ నవ్వు దాచుకోవాలని చూసింది, చేతకాలేదు. మాస్టారు లేచి వచ్చి అల్లుడి పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “‘ఖ’ ఒత్తి పలకాలి నాయనా. ఏదీ, అను,” అన్నారు. మనీష్ అన్నాడు. “ఇంకాస్త,” అన్నారు మాస్టారు. పట్టుపంచె సంగతి ఆయనకు ఆ రోజంతా గుర్తు రాలేదు.

అప్పలనర్సమ్మ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. “తల్లీ, మా వోడి తప్పుకి నీ కాడ మాట పడాల్సింది నేనే,” అంది అన్వితతో. ఆ తర్వాత ఇంకో గ్లాసు అడిగి, దాన్ని తమ్ముడికి ఇవ్వకుండా తనే తాగింది.

నిశ్చితార్థం అనుకున్న రోజునే జరిగింది. ఆ రోజు చుట్టాలు ఎంతమంది ఫోన్ చేసినా వైకుంఠరావు ఎత్తలేదు. ఆయన ఫోన్ అప్పలనర్సమ్మ చేతిసంచిలో ఉంది. గడువు తీరేదాకా అక్కడే ఉంటుందని ఆవిడ అడిగినవాళ్ళకల్లా చెప్పింది.