సంతాప విందులో షెర్రీ

ఆ శుక్రవారం ఉదయం క్లిఫర్డ్ చేతిలో ఉన్నవి ఇవి: ఆదివారం నుంచి ఎండిపోతున్న సగం స్పాంజి కేకు, ఒక డబ్బా పీచ్ పండ్లు, కస్టర్డ్ పొడి, మీగడ, సగానికి తగ్గిన షెర్రీ వైను సీసా, నెలాఖరుకు అద్దె గడువు తీరిపోయే ఒక కొట్టు. ఆ కొట్టు పక్కనున్న మెథడిస్టు చర్చిది. తండ్రి మొదలుపెట్టిన ఇనుపసామాన్ల వ్యాపారం అందులో ఉండాలా, పోవాలా అన్నది చర్చి పెద్దలు తేల్చాలి. ఆ పెద్దల్లో మాట చెల్లేది హానా సగ్డెన్‌ది. ఆమె భర్త ఈనక్‌ను ఆ రోజే సమాధి చేస్తున్నారు.

సమాధి అయ్యాక చర్చి హాల్లో టీ ఉంటుంది. ఇంటికొక వంటకం తేవడం ఆ యార్క్‌షైర్ ఊరి పద్ధతి. క్లిఫర్డ్ భార్య మ్యూరియల్ అక్కగారింటికి వెళ్లింది. వట్టి చేతులతో వెళితే కొట్టు మీద ఆశ వదులుకున్నట్టేనని లెక్కేసుకుని, అతను వాళ్లమ్మ చేసినట్టే గాజు గిన్నెలో ట్రైఫిల్ పేర్చాడు. అడుగున కేకు ముక్కలు, వాటి మీద షెర్రీ, ఆపైన పండ్లు, కస్టర్డ్, మీగడ. కేకు మరీ ఎండిపోయింది కనుక సీసా ఖాళీ అయింది. కూరలో ఉప్పు వేసిన మనిషి ఆ సంగతి ఎలా తలుచుకోడో, అతనూ షెర్రీ సంగతి తలుచుకోలేదు.

హాల్లో గిన్నె బల్ల మీద పెట్టి తలెత్తితే ఎదురుగా ఈనక్ ఫోటో. దాని కింద రాసి ఉంది: 'బతికినన్నాళ్లూ ఈ గోడల మధ్యకు చుక్క మద్యం రానివ్వని మనిషి.'

క్లిఫర్డ్‌కు అప్పుడు గుర్తొచ్చింది సీసా.

"డోరిస్, ఇది తీసుకెళ్లిపోతా. మీగడ విరిగినట్టుంది," అన్నాడు వడ్డనలు చూసే ఆవిడతో.

డోరిస్ వేలితో ఇంత తీసి నాకింది. "నిక్షేపంలా ఉంది. ఇచ్చింది వెనక్కి తీసుకునే పిసినారితనం ఎప్పట్నుంచయ్యా నీకు?"

"అది కాదే, మా పక్కింటి పెద్దావిడ మంచాన పడింది. ఆవిడకిద్దామని..."

వెనకే నిలబడ్డ పాస్టర్ కళ్లు చెమర్చాయి. "ఎంత మంచి మనసయ్యా! డోరిస్, ఆవిడకొక్కదానికే ఏమిటి, ఊళ్లో మంచాన పడ్డవాళ్లందరికీ తలా కాస్త పంపించు."

క్లిఫర్డ్‌కు చెమటలు పట్టాయి. "అయ్యో, అంతమందికి పంచితే ఇక్కడ చాలదండీ!"

"అదీ నిజమే. అయితే ముందు చర్చి పెద్దలకు పెట్టెయ్యండి," అన్నారు పాస్టర్.

పెద్దలు తిన్నారు. గిన్నెలు మళ్లీ చాపారు. కాసేపటికి పాస్టర్ మెడపట్టీ వదులు చేసుకుని ఈనక్‌కు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నారు. రెండో చరణం ఎంతకీ అయిపోలేదు. ఏళ్ల తరబడి పలకరింపుల్లేని ఇద్దరు పెద్దలు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు.

హానా మాత్రం నల్లబట్టల్లో నిటారుగా కూర్చుని, గిన్నె అడుగు గీకుతూ క్లిఫర్డ్‌ను వేలితో పిలిచింది.

"కూర్చో నాయనా. ఇది మీ అమ్మ చేసేదే కదూ?"

ఇక అబద్ధమాడే ఓపిక అతనికి లేదు. "అవునమ్మా. అందులో నేను పొరపాటున..."

"నోర్మూయ్. ఏటా క్రిస్మస్‌కి ఈనక్ మీ ఇంటికొచ్చి రెండేసి గిన్నెలు తినేవాడు. అందులో ఏముందని ఒక్కసారీ అడగలేదు. నేనూ అడగను." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇవాళ ఆయన పక్కనున్నట్టే ఉంది."

ఆమె లేచి నిలబడింది. పాట ఆగింది.

"కొట్టు ఈ అబ్బాయికే ఉండనీండి. ఎవరైనా కాదంటారా?"

ఎవరూ కాదనే స్థితిలో లేరు.

"ఇంకోటి. ఈనక్ చేసిన పని ఇక ఎవరో ఒకరు చూడాలి. దానికి నియమమంటే భయమున్న మనిషి కావాలి. ఇందాకట్నుంచీ వీడి మొహమే చూస్తున్నా. ఇంతకన్నా భయపడేవాణ్ణి నా జన్మలో చూళ్లేదు."

పెద్దలందరూ చేతులెత్తారు. పాస్టర్ రెండు చేతులూ ఎత్తారు.

సాయంత్రానికి క్లిఫర్డ్ లెక్క తేలింది: కొట్టు నిలిచింది, గిన్నె కడగక్కర్లేనంత శుభ్రంగా తిరిగొచ్చింది, చర్చిలోకి చుక్క మద్యం రాకుండా చూసే జీతంలేని ఉద్యోగం అదనం.