లైన్లో ఉన్నవాళ్ల కోసం ఒక గిటార్ సోలో

కస్టమర్ కేర్‌వాళ్లు ఫోన్లో గంటల తరబడి కూర్చోబెడుతున్నారని తిట్టుకునేవాళ్లంతా తక్షణం లెంపలేసుకోవాలి. ఈ కాలంలో సంగీతాన్ని బతికిస్తున్నది వాళ్లొక్కరే!

నవ్వకండి. మీకు బాగా గుర్తుండిపోయిన గిటార్ సోలో ఏదని ఎవరినైనా అడగండి. ఏదో పెద్ద బ్యాండ్ పేరు చెప్పి, కళ్లు అరమోడ్చి, లేని గిటార్‌ని పొట్ట మీద గోకి చూపిస్తారు. సరే, మొత్తం పాడి వినిపించమనండి. మూడో స్వరం దగ్గర దగ్గొస్తుంది. అదే మన ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చే సోలో పాడమనండి, పొల్లు పోకుండా అప్పజెబుతారు. మా వీధి చివర సెలూన్ ఆయన కత్తెర ఆ తాళానికే ఆడుతుంది. మా పై పోర్షన్ టీచర్‌గారు లైన్లో ఉండగానే మోడెమ్ దానంతటదే బాగై, మళ్లీ పాడైంది. ఆవిడకి సోలో మాత్రం నోటికొచ్చేసింది.

సోలో గుర్తుండాలంటే ఏం కావాలి? వేగమా? తీగని సాగదీసి ఏడిపించడమా? వాయించేవాడి జుట్టా? అవన్నీ ఉత్త మాటలండీ! వినేవాడు పారిపోవడానికి వీల్లేకుండా ఉండాలి, అంతే.

మా అమ్మాయినే చూడండి. గాయకుడు ఊపిరి పీల్చుకుని గిటార్‌కి దారి ఇవ్వగానే దాని వేలు ఫోన్ మీద టకటకా కొడుతుంది. పది సెకన్లు ముందుకి, ఇంకో పది ముందుకి, సోలో గల్లంతు. "పాట ఆగిపోయింది కదా నాన్నా. మళ్లీ మొదలయ్యేదాకా ఏం చేయమంటావు?" అంటుంది. పద్దెనిమిదేళ్లొచ్చాయి, ఒక్క సోలో కూడా చివరిదాకా విని ఎరగదు.

దానికి మీకెందుకంత బాధ అంటారా? ఇక దాచి లాభం లేదు. ఆ కంపెనీ ఫోన్లో మోగే సోలో వాయించింది నేనే.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. గోడలకి పాత పరుపులు కొట్టిన చిన్న స్టూడియో, నలభై ఏడు సెకన్ల సోలో. నలభై ఆరు సెకన్లు దివ్యంగా వచ్చింది. చివరి స్వరం దగ్గర చిటికెన వేలు జారి ఒక మెట్టు కింద పడింది. ఇంకొక్కసారి వాయిస్తానని బతిమాలాను. రికార్డింగ్ ఆయన హెడ్‌ఫోన్స్ తీసేసి, టిఫిన్ డబ్బా విప్పుతూ, "ఫోన్లో పెట్టేదానికి అంత అవసరమా గురూ? చివరిదాకా వినేదెవరు?" అన్నాడు. నిజమే అనిపించింది. ఇంటికొచ్చి గిటార్‌ని అటకెక్కించి, నీటి మీటర్ల ఆఫీసులో గుమస్తాగా కుదురుకున్నాను.

అప్పట్నుంచీ నెలకోసారి ఆ కంపెనీకి ఫోన్ చేస్తున్నాను. ఫిర్యాదేమీ ఉండదు. ఆ తప్పు ఇంకా అక్కడే ఉందా అని చూసుకుంటాను. ఉంటుంది. "మళ్లీ కాపలాకి బయల్దేరారా?" అంటుంది మా ఆవిడ. అమ్మాయికి మాత్రం చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. ఉన్న కాస్త పరువూ పోతుందని భయం.

పోయిన వారం మా ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. అమ్మాయి కాలేజీ దరఖాస్తుకి అదే ఆఖరి రోజు. తనే ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టింది. ముప్పై ఎనిమిది నిమిషాలు! టకటకా కొడదామంటే కుదరదు కదా. పక్కనే నేను పేపర్ తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను. నలభై ఆరు సెకన్లు ఛాతీ ఉబ్బించడం, నలభై ఏడో సెకన్లో పేపర్ వెనక్కి నక్కడం. ఇలా నలభై సార్లకి పైనే. చివరికి ఎవరో పలికారు, లైన్ బాగైంది, దరఖాస్తు వెళ్లింది.

సాయంత్రం అమ్మాయి వంటింట్లో పళ్లేలు తుడుస్తూ కూనిరాగం తీస్తోంది. నా సోలో! ఆ చివరి మెట్టు మీద జారడంతో సహా.

"చివర్లో తప్పు పోతోందమ్మా," అన్నాను, ఉండబట్టలేక.

"తప్పేంటి నాన్నా? ప్రతిసారీ దానికోసమే ఎదురుచూశాను. మిగతాదంతా అందరూ వాయించేదేగా. ఇంతకీ ఎవరు వాయించారో."

మా ఆవిడ నావైపు చూసి, ఒట్టు గుర్తొచ్చి, సింకు వైపు తిరిగిపోయింది.

"నేనే," అన్నాను.

అమ్మాయి చేతిలో పళ్లెం కింద పెట్టింది. "మరి ఎందుకు మానేశావు?"

అయ్యా, అమ్మా, ఇరవై రెండేళ్లుగా నేను చిటికెన వేలిని తిట్టుకుంటున్నాను. చివరిదాకా ఎవరూ వినరన్న మాట నమ్మి, మధ్యలో లేచి వెళ్లిపోయింది నేనొక్కణ్ణే. ఆ మాట కన్నకూతురికి ఏ ముఖంతో చెప్పను? జవాబు లేనప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు ఏం చేస్తాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా," అని చెప్పి, అటకకి నిచ్చెన వేశాను.