ఈ బండి మరగదు

"మామయ్యగారూ, ఫ్యాను బెల్టు ఎక్కడైనా కనిపించిందా?" అని ముల్లుగారు కారు కింద నుంచి కేకేశారు.

వరండాలో కూర్చున్న మామగారికి చెవులు రెండూ ఉన్నాయి గానీ వాటికి మాటల మీద పెద్దగా ఆసక్తి లేదు. ఆయన లోపలికెళ్లి, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న ప్యాంటు బెల్టు తెచ్చి, కారు కిందికి జారవిడిచారు. నల్లగా, పొడుగ్గా, చల్లగా మెడకు తగిలేసరికి ముల్లుగారు కెవ్వుమని లేవబోయి, తల సైలెన్సరుకు కొట్టుకున్నారు.

"పాము కాదు అల్లుడుగారూ, మీ బెల్టే."

"నేనడిగింది ఫ్యాను బెల్టండీ! ఫ్యాను!"

"ప్యాంటుదే కదా మరి! ఇంట్లో ఉన్నది అదొక్కటే."

ముల్లుగారి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. రంగుల కంపెనీలో లెక్కలు చూసే ఆయనకు ఒక పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. అది నడుస్తున్నంతసేపూ ఆయన రోడ్డు చూడరు, వేడి చూపించే మీటరులో ముల్లునే చూస్తారు. ఆ ముల్లు పైకి లేస్తే ఆయన ప్రాణం కిందికి జారుతుంది. కొన్నాయన దాన్ని కారు అంటారు, కట్టుకున్నావిడ కొరివి అంటుంది. వారానికోసారి దానితో తల గోక్కోవడం ఆయనకు అలవాటు.

ఆ రోజు పాత కార్ల ఊరేగింపు. స్టేడియం దగ్గర బయలుదేరి, గడియారం స్తంభం చేరాలి. ఆవిడ ముందురోజే తేల్చిచెప్పింది.

"ఈసారి ఆ కారు ఒక్కసారి బుస్సుమన్నా సరే, పక్కింటి పళ్ల డాక్టరుగారికి ఇచ్చేస్తాను. ఆయన ఎప్పటి నుంచో అడుగుతున్నారు."

"బుస్సనదు. కావాలంటే నువ్వే పక్కన కూర్చుని చూడు."

"కూర్చుంటాను. సాక్ష్యం కావాలిగా!"

అందుకే ముల్లుగారు నడుం బిగించారు. రేడియేటరు కడిగించారు, కొత్త కూలెంటు పోశారు, రబ్బరు గొట్టాలు మార్చారు, మొరాయించే థర్మోస్టాటును పీకేసి కొత్తది పెట్టారు. ఫ్యాను బెల్టు కూడా చివరికి ఆయన భుజం మీదే దొరికింది. అంతా అయ్యాక, ఆఫీసు నుంచి తెచ్చిన ఎర్ర రంగుతో ఒక పెద్ద చెక్క మీద "ఈ బండి మరగదు" అని గుండ్రంగా రాశారు. దాన్ని కారు ముందు ఆనించి చూసుకున్నారు. అందం అదిరింది. కట్టడానికి తాడు లేదు. మామగారిచ్చిన బెల్టు ఉంది.

"ఏమండీ, అది అక్కడ అడ్డం కాదూ?" అంది ఆవిడ, కొత్త బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి.

"ఇంజను సంగతులు నీకేం తెలుసోయ్? నువ్వు నోరు మూసుకుని కూర్చో, చాలు."

ఆవిడ నోరు మూసుకుంది. లెక్కల టీచరు కదా, అలాంటివి మనసులో వడ్డీతో సహా వేసి ఉంచుకుంటుంది.

ఊరేగింపు మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా జనం చేతులూపారు. ఆవిడ మొదట ఒక వేలు ఊపింది, తర్వాత చెయ్యి, ఆ తర్వాత రెండు చేతులూ. మూడో మలుపు దగ్గర ముల్లు లేచింది.

"హీటరు వేస్తున్నా" అన్నారు ముల్లుగారు.

"ఈ ఎండలోనా! పిచ్చా?"

"ఇంజను వేడి కొంత మన మీదికి లాగేస్తుందోయ్. దానికి చల్లబడుతుంది."

"మనకో?"

ఆయన మీట తిప్పారు. కాళ్ల దగ్గర వేడిగాలి మొదలైంది. ఆవిడ పౌడరు చారలుగా జారింది, చెప్పులు కాలిపోయి మడమలు నృత్యం చేశాయి. అయినా ముల్లు ఆగలేదు. సరిగ్గా బజారు నడిబొడ్డున, బుస్సుమని, బండి మూత సందుల్లోంచి తెల్లటి ఆవిరి మేడంత ఎత్తున లేచింది.

"నిప్పు లేనిదే పొగ రాదు!" అని ఒకాయన అరిచాడు. సామెత తెలిసినవాడు ఫోను కూడా చేస్తాడు. రెండు వీధుల అవతలే ఉన్న ఫైరింజను గంట మోగించుకుంటూ వచ్చేసింది. గొట్టం విప్పారు.

ముల్లుగారు ఒక్క ఉదుటున దిగారు. దిగగానే ప్యాంటూ దిగింది. బెల్టు కారుకు కట్టి ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో ఫైరాఫీసరు చొక్కా పట్టుకున్నారు.

"నీళ్లు పోయకండి బాబూ! మీ కాళ్లు పట్టుకుంటా!"

"ముందు మీ ప్యాంటు పట్టుకోండి. ఇన్నేళ్ల సర్వీసులో నీళ్లొద్దన్న మనిషిని చూళ్లేదండీ!"

"మంట కాదండీ, ఆవిరి! కాగిన ఇంజను మీద చన్నీళ్లు పడితే చీలిపోతుంది!"

"ఇన్సూరెన్సు కోసమే తగలబెట్టుకుంటున్నాడ్రా" అని జనంలోంచి ఒక గొంతు. "పాపం, మతి చలించింది. బట్టలు కూడా విప్పేస్తున్నాడు" అని ఇంకో గొంతు.

వెనకాలే తన కారులో మామగారిని ఎక్కించుకుని పళ్ల డాక్టరు వచ్చాడు. ముఖంలో జాలి, కళ్లలో కారు.

"మీరు బాధపడకండి సార్. కొన్నిటిని పీకేయడమే మంచిది. నొప్పి తెలియకుండా తీసుకెళ్లిపోతాను."

ముల్లుగారు నీళ్లు నమిలారు. రేడియేటరులో లేనివి ఆయన కళ్లలోకి వచ్చాయి.

అప్పుడు ఆవిడ దిగింది. చారల ముఖంతో, తొణక్కుండా కారు ముందుకు నడిచి, బెల్టు విప్పింది. చెక్క ధడాలున పడింది. దాని వెనక, రేడియేటరుకు గాలి వెళ్లాల్సిన పళ్లలాంటి జాలీ మొత్తం బయటపడింది.

"డాక్టరుగారూ, నోరూ ముక్కూ మూసి పరిగెత్తమంటే మనిషి ఏమవుతాడు?"

"పడిపోతాడమ్మా."

"ఇదీ అంతే. పొద్దున నాకు చెప్పింది దీనికి చేశారు." ఆవిడ చెక్కను ఎత్తి జనానికి చూపించింది. "గాలికి అడ్డం ఇదండీ. బెల్టు ఆయనదే, నాన్న తెచ్చిచ్చారు. ప్యాంటు అందుకే జారింది. మతికేమీ కాలేదు. జరిగింది ఇంతే."

ఫైరాఫీసరు "ఈ బండి మరగదు" అని పైకి చదివాడు. బజారంతా ఒక్కసారి నవ్వింది. మామగారు మాత్రం గర్వంగా "ప్యాంటు బెల్టని నేను అప్పుడే చెప్పాను" అన్నారు.

ముల్లుగారు బెల్టు పెట్టుకుని, తలవంచి తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు.

"మాట మాటే. బుస్సంది. ఇచ్చెయ్."

డాక్టరు చెయ్యి చాచాడు. ఆవిడ తాళాలను గుప్పిట్లో బిగించి, రోడ్డు చివర గడియారం స్తంభం వైపు చూసింది. అక్కడ ఇంకా జనం చేతులూపుతున్నారు.

"డాక్టరుగారూ, క్షమించండి. నోరు తెరిచాక పన్ను బాగానే ఉంది."

ఇంజను పూర్తిగా చల్లారాక, రేడియేటరు మూత మెల్లగా తీసి కూలెంటు నింపారు. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, పక్క సీటు చూపించింది.

"ఎక్కండి. నోరు మూసుకుని కూర్చోండి, చాలు."

ఆ రోజు నుంచి ఆ బండి మళ్లీ మరగలేదు. పక్క సీటులోంచి మాత్రం అప్పుడప్పుడూ ఆవిరి వస్తూంటుంది.