చైర్మన్‌గారు ఏరిన పండు

వచ్చే ఉగాదికల్లా ఏజెన్సీలో ప్రతి కన్నూ స్పష్టంగా చూసి తీరుతుందని దృష్టి సంరక్షణ మండలి చైర్మన్ దేవీప్రసాద్‌గారు అరకు సంతలో ప్రకటించారు. ఈ విషయమై ఆయన కళ్ళ డాక్టర్లను సంప్రదించలేదు గానీ, మంత్రిగారిని సంప్రదించారు.

ముందు వరసలో కూర్చున్న సోంబరుకి ప్రాణం లేచొచ్చింది. ఏళ్ళ తరబడి పొద్దున్నే గ్లాసు పడందే అతనికి చెయ్యి నిలవదు. ఇప్పుడు గ్లాసు పడితే చెయ్యి నిలుస్తోంది గానీ, చూపు నిలవడం లేదు. ముందు ఎరుపు పోయింది. కాఫీ తోటలో పండేదో, పచ్చి కాయేదో తెలియక అన్నీ కలిపి దూసేశాడు. పోయిన సంతలో కొనేవాళ్ళు బుట్ట వెనక్కి తోసేసి, ఇంకోసారి ఇలాంటివి తెస్తే అసలు రావద్దన్నారు. ఆ రోజు నుంచి భార్య కృపావతి అతన్ని తోటలో అడుగు పెట్టనివ్వలేదు. తను నాటిన మొక్కలకి తనే పరాయివాడయ్యాడని సోంబరు కుమిలిపోతున్నాడు.

కంటి శిబిరానికి దారి వెతుక్కునే పని లేకపోయింది. చైర్మన్‌గారి బావమరిది బ్రాందీ షాపు పక్కనే పందిరి వేశారు. స్వాగత ద్వారం కూడా షాపువాళ్ళదే. చైర్మన్‌గారు మాత్రం ఆ షాపు సరుకు ముట్టరు. ఆయనకి విశాఖ నుంచి ఫారిన్ సీసాలొస్తాయి. ఆయన దిగే గెస్ట్‌హౌసులోకి ఆ పెట్టెలు మోసేది సోంబరే.

డాక్టర్ కీర్తి టార్చి వేసి అతని కళ్ళు చూసింది.

“ఎలా కనిపిస్తోంది?”

“సూపు మజ్జిలో పొగ కమ్మీసినట్టుంటదమ్మా. పండూ కాయా ఒకలాగే అగుపిస్తన్నాయి.”

“తాగుడు వల్ల కంటి నరం పాడైంది. దీనికి కళ్ళద్దాలు పనిచెయ్యవు. పోయిన చూపంతా తిరిగి రాకపోవచ్చు. ఇప్పుడైనా మానేసి, మందులు వాడి, కడుపునిండా తింటే ఉన్నది నిలుస్తుంది.”

పక్కనే ఉన్న చైర్మన్‌గారు పెద్ద మనసుతో నవ్వారు. “డాక్టరమ్మా, నెగెటివ్‌గా మాట్లాడకండి. వీళ్ళు మానేస్తే ప్రభుత్వానికి ఆదాయమేది? ఆదాయం లేకపోతే వీళ్ళకి అద్దాలేవి?”

ఇంత లోతైన ఆర్థికశాస్త్రం ఆ కొండల్లో అంతకుముందెవరూ చెప్పి ఉండరు. పందిరి చప్పట్లతో మారుమోగింది.

సోంబరుని స్టేజీ ఎక్కించి కొత్త అద్దాలు పెట్టారు. టీవీవాళ్ళ కోసం బుట్టెడు కాఫీ కాయలు తెచ్చి, ఎర్ర పండు తియ్యమన్నారు. సోంబరు బుట్టలోకి తొంగి చూశాడు. పొగ అలాగే ఉంది.

“ఏటి సూత్తన్నావు? బేగి తియ్యి,” అంది కింద నుంచి కృపావతి. ఆమె గొంతులో కోపం కన్నా ఆశే ఎక్కువుంది.

“అగుపించట్లేదే,” అన్నాడు సోంబరు. మైకు ఆ మాటని సంతంతా వినిపించింది.

ప్రజలు తడబడినప్పుడు దారి చూపడం నాయకుడి ధర్మం. చైర్మన్‌గారు లేచి వచ్చి, బుట్టలో చెయ్యి పెట్టి, చాలాసేపు వెతికి, ఒకటి ఏరి కెమెరా ముందు ఎత్తి పట్టుకున్నారు.

“భయమెందుకు సోంబరూ? ఇదిగో పండు. ఎంత ఎర్రగా ఉందో చూడండి.”

సంతంతా చూసింది. ఆయన పి.ఏ. ఒక్కడే చప్పట్లు మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు.

“అది పచ్చి కాయ బాబూ,” అంది కృపావతి.

సోంబరుకి నవ్వు రాలేదు, జాలేసింది. కళ్ళద్దాలు తీసి, తడుముకుంటూ చైర్మన్‌గారి చేతిలో పెట్టాడు.

“కరీదు సీసాలో సరుకు కూడా ఇంతేనా బాబూ?” అన్నాడు.