ప్రెసిడెంటు గారి కూతురూ, కోడలూ

ఊళ్లోని సంసారాలను కాపాడే నిమిత్తం, ఆడవాళ్ల తరఫున కేసులు వేసే లాయరమ్మకు ఎవరూ గది అద్దెకివ్వరాదని మా పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆడవాళ్లను అడగలేదు. అడిగితే ఏకగ్రీవం చెడుతుందని పెద్దల ముందుచూపు.

పిండిమర యజమాని మాత్రం మర పక్క గది ఇచ్చేశాడు. ఆయనకు స్త్రీవాదమంటే తెలియదు, గిరాకీ అంటే తెలుసు. పిండి పట్టించుకొస్తామని ఇంట్లో చెప్పి ఆడవాళ్లు లాయరమ్మ దగ్గరికి వచ్చేవారు. మర హోరులో ఒకరి గోడు ఇంకొకరికి వినపడేది కాదు. ఊళ్లో పిండి వాడకం రెట్టింపయింది. తమకు ఆకలి పెరిగిందని మగవాళ్లు సంతోషించారు.

ఒక మధ్యాహ్నం ప్రెసిడెంటు గారే గింజల సంచి మోసుకుంటూ వచ్చారు. వెనక కూతురు, చేతికి కట్టుతో.

"అల్లుడు చెయ్యి విరిచాడమ్మా. ఏదో చట్టం ఉందంటగా?"

"ఉందండి. అది సంసారాలు కూలుస్తుందని మీరేగా అన్నారు?"

"అవి ఊరివాళ్ల సంసారాలు! ఇది నా కూతురమ్మా!"

ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. అందుకే లాయరమ్మకు నవ్వు రాలేదు.

లాయరమ్మ కేసు గెలిచింది. కూతురు పుట్టింటికి చేరింది. ప్రెసిడెంటు గారు సభ పెట్టి, "ఆడది కన్నీరు పెట్టిన ఇల్లు ఇల్లే కాదు! లాయరమ్మ మన ఊరి వజ్రం!" అని గర్జించారు. సభికులకు ఆయన కోడలు టీ అందించింది. పెదవి వాచి ఉంది. సభ్యత గల సభ కనుక ఎవరూ అటు చూడలేదు.

మర్నాడు ఆ కోడలు సంచీ గించీ లేకుండా, అందరూ చూస్తుండగానే లాయరమ్మ గదిలోకి నడిచింది. వెనకాలే ప్రెసిడెంటు గారు ఊడిపడ్డారు.

"మావాడు ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు. దానికే కోర్టా?"

"మీ అమ్మాయి కేసులో రాసిన మాటలే రాస్తున్నానండి. పేర్లే వేరు."

"మా ఇంట్లో మాకు ఎదురు సాక్ష్యం చెప్పేదెవరు?"

"నేను చెప్తాను నాన్నా," అంది వదిన వెంటే వచ్చిన కూతురు. "వదిన ఏడుపు పక్కగదిలో నాకు వినపడుతుంది. అత్తారింట్లో నా ఏడుపు విన్నవాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు."

ఆమె సాక్ష్యంతో కోడలు గెలిచింది. వజ్రం తిరిగి గులకరాయి అయింది.

చట్టం మంచిదేననీ, కూతుళ్లకే వర్తించాలనీ పంచాయతీ మళ్లీ తీర్మానించింది. ప్రతి కోడలూ ఎవరో ఒకరి కూతురే కదా అని మర యజమాని సందేహం లేవదీశాడు. ఈ చిక్కు తేల్చడానికి కమిటీ వేస్తున్నారు. సభ్యులకు పక్కగది ఏడుపు చెవిన పడినా పడనట్టుండే అనుభవం కావాలట. మీరూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోటీ మాత్రం గట్టిగా ఉంది.